కొండాపురం వైపు మేత భూమి: కొనుగోలు నుంచి కంచె దాకా

సంక్రాంతి వెళ్లాక

ఆరు ఒంగోలు ఆవులు, రెండు ఆడగుర్రాలు పెంచాలని అనుకుంటున్నాం. వీటికి ఏడాది పొడవునా మేత, నీళ్లు ఇచ్చే భూమి కావాలి. కావలి నుంచి పడమరకు వెళ్తే కలిగిరి, కొండాపురం, వింజమూరు, ఉదయగిరి. ఈ మెట్టలోనే చూస్తున్నాం. డెల్టా వైపు పొలమంటే వరి, కాదంటే రొయ్యల గుంట. ఆ ధర పెట్టి కొని గడ్డి పెంచితే గిట్టదు. పైగా ఒంగోలు పశువును కట్టేసి మేపడం నాకు ఇష్టం లేదు. గట్టినేల మీద రోజూ తిరిగితేనే దాని గిట్టలూ కాళ్లూ బాగుంటాయి.

ఈ పశువులే 19వ శతాబ్దంలో ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లాయి. అక్కడ వాటిని మన నెల్లూరు జిల్లా పేరుతోనే నెలోర్ అంటారు, మాంసం కోసం వేల ఎకరాల్లో మేపుతారు. మన రాష్ట్రంలో 1977 నుంచి గోవధ నిషేధ చట్టం ఉంది. కాబట్టి నా రాబడి లెక్క వేరు: పెయ్యలు, జాతి కోడెలు, కొంత పాలు, పేడ. కానీ మేత లెక్క మాత్రం ఎక్కడైనా ఒకటే. పశువు ఎందుకు పెంచినా అది తినేది తింటుంది.

భూమి చూస్తున్నామని తెలిసిన ప్రతివాళ్లూ "ఎన్ని ఎకరాలు?" అనే అడుగుతున్నారు. నాకు అంతకంటే ముందు తెలియాల్సింది, ఆ ఎకరంలో ఏడాదికి ఎన్ని కిలోల గడ్డి వస్తుందని.

మొదట చూసింది ముప్పై చిల్లర ఎకరాల బీడు. ఎర్ర గరప నేల, ఒకే చెక్క, రోడ్డు దగ్గర. చూడగానే ఇంట్లో అందరికీ నచ్చింది. ప్లాస్టిక్ పైపు ముక్కలతో మీటరు చదరం చట్రం ఒకటి చేసి తీసుకెళ్లాం. బావమరిది వెనక్కి తిరిగి, చూడకుండా దాన్ని విసరడం, పడిన చోట చట్రం లోపలి గడ్డి మొత్తం నేను కొడవలితో మొదలంటా కోసి సంచిలో వేయడం. చూసి విసిరితే చెయ్యి పచ్చగా ఉన్న చోటికే పోతుంది, అందుకే ఆ పద్ధతి. కోసిందంతా మేడ మీద బాగా ఎండబెట్టి తూకం వేస్తే, సగటున చదరపు మీటరుకు 150 గ్రాములు వచ్చింది.

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరాకు సుమారు 600 కిలోల ఎండుగడ్డి. వానలు పోయాక కోశాం కాబట్టి ఏడాది పెరుగుదలలో ఎక్కువ భాగం ఇదే. అదంతా మేపేస్తే మరుసటి ఏడు దుబ్బులు చచ్చి వయ్యారిభామ లేస్తుంది. సగం నేలకు వదలాలి. మిగిలింది 300 కిలోలు. నాలుగు క్వింటాళ్ల బరువున్న ఆవు రోజుకు పది కిలోల ఎండు మేతకు సమానంగా తింటుంది, ఏడాదికి 3,650 కిలోలు. అంటే ఒక్క ఆవుకు పన్నెండు ఎకరాల బీడు! ముప్పై ఎకరాలు చూసి మురిసిపోయిన మాకు ఆ గడ్డి మీద బతికేవి రెండు ఆవులూ ఒక దూడేనని తేలింది.

ఈ లెక్క తెలిశాక రెండు విషయాలు స్థిరపడ్డాయి. విస్తీర్ణం కోసం డబ్బు పోయకూడదు. కొద్దిపాటి తడి మేత పండించడానికి నీళ్లున్న చోటే కొనాలి.

ఆ భూమిని వదులుకున్నది మాత్రం వేరే కారణంతో. బోరు ఎండాకాలంలోనూ ఆగదని అమ్మేవాళ్లు చెప్పారు. అది నిజమే కావచ్చు. కానీ పక్క ఊళ్లో ఒక ముసలి బర్రె నోరు తెరిపించి చూస్తే ముందు పళ్లు గోధుమ రంగు చారలు పడి, అరిగి, మొద్దుల్లా ఉన్నాయి. నడకలో కూడా ముందు కాళ్లు బిగుసుకుపోయినట్టుంది. ఈ మెట్టలో ఫ్లోరైడ్ బాధ ఎన్నాళ్ల నుంచో ఉన్నదే. బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే లీటరుకు 2.6 మిల్లీగ్రాములు వచ్చింది. మనుషుల తాగునీటికి 1.5 దాటకూడదంటారు, పశువులకు 2 దాకా సర్దుకోవచ్చు. పదేళ్లు ఉంచుకునే ఆవుకు ఆ నీళ్లు పట్టలేం. అక్కడితో ఆ భూమి సంగతి ముగిసింది.

శివరాత్రి ముందు

కొండాపురం నుంచి లోపలికి మరో భూమి. పై భాగం ఎర్రనేల, కింద వాగు వైపు నల్లరేగడి. మధ్యలో చిన్న కుంట, పాత దిగుడు బావి. మూడో వంతు చిల్లకంప (సర్కారు తుమ్మ) కమ్మేసి, లోపలికి మనిషి దూరేటట్టు లేదు.

కుంట గట్టు మీద గొర్రెలు మేపుతున్న ఒక తాత కనిపించాడు. మంద అంతా నెల్లూరు జోడిపి, తెల్లని ఒంటికి కళ్ల చుట్టూ నల్ల మచ్చలు. "తాతా, ఇక్కడ మేత ఎట్టుంటది?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా రేగడి చెక్కలోకి నడిచి, ఎర్రగా ఎండిన సన్నటి కాడలు గుప్పెడు పీకి, ఒకటి నోట్లో పెట్టుకుని నమిలాడు. మిగతావి నా చేతిలో పెట్టాడు. "చెంగలి నాయనా. ఎండినా తీపి పోదు. ఇది పుట్టిన చోట పశువు నిలబడద్ది."

ఆ మాట పుస్తకాల్లోనూ ఉంది. ఒంగోలు జాతి ఈ గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు ప్రాంతంలో అంత దృఢంగా తయారవడానికి చెంగలి గడ్డి కూడా ఒక కారణమని చెబుతారు. తాత చేతిలో చూసే దాకా నాకు ఆ గడ్డిని ఎండాక గుర్తుపట్టడం తెలియదు. ఇప్పుడు ఆ రంగూ, కాడ కణుపుల దగ్గర వంగే తీరూ గుర్తుండిపోయాయి. అది నిలిచిన రెండెకరాల చెక్కను దున్నకూడదని ఆ రోజే అనుకున్నాం.

ఉగాది

కాగితాల పని. ఇక్కడ తొందరపడితే గడ్డీ నీళ్లూ ఎంత బాగున్నా దండగే.

అమ్మేవాళ్లు చెప్పింది 38 ఎకరాలు, ఒకే కంచె లోపల. రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1బి తీస్తే పట్టా ఉన్నది 24 ఎకరాల 30 సెంట్లు. ఎనిమిది ఎకరాలు డీకేటీ పట్టా, అంటే సర్కారు పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి. మిగిలింది వాగు పోరంబోకు, గయాళు, అంటే సర్కారు భూమి, ఎవరూ అడగలేదు కాబట్టి సాగు చేసుకుంటూ వచ్చినది.

డీకేటీ భూమి చవగ్గా ఇస్తామన్నారు. "అగ్రిమెంటు రాసుకుందాం అన్నా, అందరూ అట్టనే కొంటన్నారు" అన్నారు. 1977 నాటి చట్టం ప్రకారం అసైన్డ్ భూమిని అమ్మడం చెల్లదు, కొన్నవాడి దగ్గర్నుంచి వెనక్కి తీసుకోవచ్చు. 2023లో ఇరవై ఏళ్లు దాటినవాటికి సడలింపు వచ్చింది. ఆ తర్వాత ఫ్రీహోల్డ్ చేసిన (అమ్ముకునే పూర్తి హక్కు ఇచ్చిన) భూముల మీద మళ్లీ పరిశీలన మొదలైంది. ఇలాంటి భూమి మీద షెడ్డు కట్టి, కంచె వేసి, రాత్రిళ్లు టెన్షన్ పడే ఓపిక నాకు లేదు. పట్టా భూమి వరకే బేరం అని చెప్పేశాం.

చూసిన కాగితాలు: పాత ఆర్‌ఎస్‌ఆర్‌లో (సర్కారు పాత భూముల రిజిస్టరు) ఆ సర్వే నంబర్లు ఏ పద్దు కింద ఉన్నాయో, 22ఏ నిషేధిత జాబితాలో ఏదైనా ఉందో, ఎఫ్‌ఎంబీలో (సర్వే పటాల పుస్తకం) హద్దులెలా ఉన్నాయో, ముప్పై ఏళ్ల ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు). ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు ఉంటే ఆ భూమికి ఇంకో కథ ఉంటుంది. దీనికి లేవు. ఈసీలో ఒక బ్యాంకు తనఖా కనిపించింది. అప్పు తీరిపోయిందన్నారు కానీ తనఖా రద్దు రిజిస్టర్ కాలేదు. అది చేయించాకే అడ్వాన్సు ఇస్తామన్నాం, చేయించుకొచ్చారు.

అసలు ఆలస్యం అయింది సంతకాల దగ్గర. అన్నదమ్ములు ఇద్దరు, తండ్రి పోయారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఒక చెల్లెలు ఉంది. "దానికి పెళ్లప్పుడే ఇచ్చాం గదన్నా, ఇప్పుడు పిలవడం ఎందుకు?" అని పెద్దాయన నొచ్చుకున్నాడు. 2005 సవరణ తర్వాత పిత్రార్జితంలో ఆడపిల్లకూ మగపిల్లలతో సమాన హక్కు. చట్టం సంగతి అటుంచి, ఆమెకు తెలియకుండా ఆమె పుట్టింటి భూమి కొనడం నాకు మనస్కరించలేదు. ఫోన్‌లో మాట్లాడాను. "వస్తాను అన్నా. నా వాటా డీడీ నా పేరు మీదే ఇవ్వండి" అంది. అన్నలు ఒక వారం మాట్లాడలేదు. తర్వాత పెద్దాయనే ఫోన్ చేసి సరేనన్నాడు.

రోహిణి కార్తె

అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ఒక షరతు పెట్టాం. రోహిణిలో బావి చూశాకే రిజిస్ట్రేషన్. ఫాల్గుణంలో నిండుగా ఉన్న బావిని చూసి కొనేవాళ్లు ఈ మెట్టలో చాలామంది ఉన్నారు. నీటికి పరీక్ష రోళ్లు పగిలే ఎండల్లోనే.

ఐదు హార్స్‌పవర్ మోటారు పెట్టి తోడించాం. రెండు గంటలు కూడా తిరక్కుండానే ఫుట్‌వాల్వ్ గాలి పీల్చింది. బావి అడుగున తూర్పు వైపు రాతి పగులు నుంచి నీళ్లు ఊరడం పైనుంచే కనబడుతోంది, సన్నటి ధార, ఆగకుండా. బావమరిది తాడుకు ముడులు వేసి, రాత్రంతా గంట గంటకూ మట్టం కొలిచాడు. తెల్లారేసరికి తోడిందంతా దాదాపుగా ఊరింది. బావి వెడల్పును బట్టి లెక్కగడితే రోజుకు నలభై వేల లీటర్ల చిల్లర.

ఆరు ఆవులు, రెండు గుర్రాలు నడి ఎండాకాలంలో తాగేది రోజుకు అయిదు వందల లీటర్ల లోపే. తాగునీటికి దిగులు లేదు. మిగిలిన నీటితో డ్రిప్ మీద రెండెకరాల సూపర్ నేపియర్ మేత గడ్డి బతుకుతుంది. మూడో ఎకరానికి ఆశపడకూడదు. ఫ్లోరైడ్ 0.8 వచ్చింది. ఉప్పుదనం కూడా పశువులకు ఇబ్బంది లేనంతే.

ఇప్పుడు మేత లెక్క మళ్లీ వేశాం. నేపియర్ ఎకరాకు ఏడాదికి వంద టన్నులు దాటుతుందని పిలకలు అమ్మేవాళ్లు చెబుతారు. మా బావి మీద నేను 60 టన్నులే వేసుకున్నాను. అందులో నీళ్లు పోను సారం 11 టన్నులు, అంటే ఎకరా మీద మూడు ఆవులు. రెండెకరాలకు ఆరు. ఆరెకరాల్లో వర్షాధారంగా అంజన్ గడ్డి, స్టైలో అనే పప్పుజాతి మేత కలిపి చల్లితే ఒకటిన్నర ఆవుకు వస్తుంది. చెంగలి చెక్క, మిగతా బీడు కలిపి ఇంకో ఆవుకు పైగా. మొత్తం ఎనిమిదిన్నర ఆవుల మేత. ఆరు ఆవులకూ రెండు గుర్రాలకూ సరిపోయి, కరువు ఏడాదికి కాస్త వెసులుబాటు ఉంటుంది. వాన బొత్తిగా ఎగ్గొడితే సంగం, కోవూరు వైపు నుంచి వరిగడ్డి తెచ్చుకోవాలి. వామి వేసుకోవడానికి ఎత్తుగా ఒక చోటు కూడా చూసి పెట్టాం.

ఆరుద్ర

రిజిస్ట్రేషన్ అయింది. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. ఇదీ, సర్వే ఖర్చూ భూమి ధరలో కలిపి ముందే పక్కన పెట్టుకోవాలి.

సర్వే రోజున ఊళ్లో సగం మంది వచ్చారు. కారణం డొంక, అంటే ఊరి పశువులు నడిచే దారి. ఎఫ్‌ఎంబీలో ఈశాన్యం మూలగా ఒక డొంక పోతోంది, చెరువు దాకా. పాత కంచె దాన్ని సగం మింగేసింది. సర్వేయర్ రోవర్ (ఉపగ్రహాల సాయంతో హద్దు కొలిచే పరికరం) పట్టుకుని ఒక్కో మూలా గుర్తు పెడుతుంటే, గొర్రెలవాళ్లు దాని వెనకాలే నడుస్తున్నారు. ఒకాయన అడిగేశాడు: "అన్నా, నువ్వు గూడా డొంక మూసేస్తే మా మందలు చెరువుకు ఏ దోవన పోవాల?"

డొంక డొంకగానే ఉంటుందని, కంచె దానికి లోపలి వైపే వేస్తానని అందరి ముందూ చెప్పాను. హద్దు రాళ్లు అప్పుడే పాతించాం. ఆ మూల కొన్ని సెంట్లు పోయినట్టు కనిపించవచ్చు, కానీ అవి మనవి కావు. మెట్టలో పశువులు పెంచేవాడికి పక్క మందలతో తగాదా ఉంటే ఒక్క రోజు నిద్ర ఉండదు. అదే గొర్రెలవాళ్లతో మాట్లాడి, వానలకు ముందు ఆరెకరాల చెక్కలో మంద కట్టించాం. రాత్రికి ఇంతని ఇచ్చి, రోజూ చోటు మార్చి మంద నిలిపితే నేలంతా గత్తం. గడ్డి విత్తనానికి అంతకంటే మంచి ఎరువు నాకు తెలియదు.

పుబ్బ

చిల్లకంప. దీన్ని కొట్టి వదిలేస్తే మరుసటి వానకు ఒక్కో మోడుకు పది కొమ్మలు. బొగ్గుబట్టీలవాళ్లకు ఇచ్చాం. కలప వాళ్లది, నేల శుభ్రం చేసే పని కూడా వాళ్లదే. తర్వాత జేసీబీతో మొదళ్లు అడుగు లోతు దాకా పెకలించాం, చిగుళ్లు వచ్చేది ఆ భాగం నుంచే. కుంట పైన నీడ కోసం పెద్ద చెట్లు నాలుగైదు ఉంచాం. కాయలు మాత్రం ఏరించాలి. పండిన కాయ తీపిగా ఉంటుంది, పశువు ఎగబడి తింటుంది. దాణాలో కొంత కలిపితే మంచిదే. వేరే మేత లేక అవే తింటూ ఉంటే ఆవుకు దవడ పట్టు తప్పి నమలలేకపోతుంది, గుర్రానికి పేగు అడ్డుపడి కడుపునొప్పి వస్తుంది. పైగా పేడలోంచి విత్తనాలు మొలిచి, తీసిన కంప మళ్లీ చల్లినట్టే.

కంచె దగ్గర ఆవుకూ గుర్రానికీ పొత్తు కుదరదు. ఆవు ముళ్లతీగను చూసి ఆగుతుంది. గుర్రం బెదిరితే ముందు పరిగెత్తుతుంది, తర్వాతే చూస్తుంది. ముళ్లతీగలో కాలు ఇరుక్కుంటే లాగి లాగి చర్మం, నరం అన్నీ తెగే దాకా ఆగదు. అందుకని చుట్టూ రాతి కూసాలు, ముళ్లతీగ. లోపల గుర్రాలు తిరిగే మూడెకరాలకు మాత్రం సరుగుడు వాసాలు అడ్డంగా మూడు వరసలు. సరుగుడు కావలి సముద్రం వైపు తోటల నుంచి లారీలో తెచ్చాం. బెరడు తీయించి, భూమిలోకి పోయే భాగానికి తారు పూయించాం. పై వాసం గుర్రం రొమ్ము ఎత్తున ఉండాలి. మూలలు గుండ్రంగా తిప్పాం. ఇరుకు మూలలో ఒక గుర్రం ఇంకోదాన్ని తరుముకొస్తే తప్పించుకునే దారి ఉండదు.

ఉత్తర

విత్తనం. స్టైలో గింజ పెంకు గట్టిది. మరిగించి కాస్త చల్లార్చిన నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, తర్వాత మామూలు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, నీడన ఆరబెట్టాం. అంజన్ గింజ దూదిలా తేలిక, గాలికి పోతుంది. తడి ఇసుకలో కలిపి చల్లించి, పైపైన ముళ్లకంప లాగించాం. లోతుగా పడితే మొలవదు. ఇక్కడ అసలు వానలు చిత్త, స్వాతి కార్తెల్లోనే. మొలక నిలిచేది లేనిది అప్పుడు తెలుస్తుంది.

అరెకరంలో జొన్న కూడా చల్లాం. దీని గురించి పాలేరు కుర్రాడికి ఒక్కటే గట్టిగా చెప్పాను: పూత రాకముందు, ముఖ్యంగా వాన లేక వాడిన లేత జొన్నలోకి, కోసిన మోళ్ల మీద వచ్చిన పిలకల్లోకి పశువును వదలొద్దు. ఆ లేత జొన్నలోని విషం వల్ల నాము పట్టిందంటే డాక్టరు వచ్చే లోపే ప్రాణం పోతుంది. "మా నాయన కోడె అట్టనే పోయిందన్నా" అన్నాడు. వాడికి నేను ఇంకేమీ చెప్పక్కర్లేదు.

చిత్త

ఆడగుర్రాలు కుదిరాయి. ఒకటి పెళ్లి ఊరేగింపులకు తిప్పిన తెల్లది, ఇంకోటి కతియవాడీ సంకరం. డబ్బు ఇచ్చే ముందు రెండింటి రక్తం పరీక్షకు పంపించాం. గ్లాండర్స్‌కు, సర్రాకు, రెండూ గుర్రాలకు వచ్చే జబ్బులు. గ్లాండర్స్ మనుషులకూ అంటుకుంటుంది. దాని నిర్ధారణ హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో చేస్తారు. ఫలితం వచ్చే దాకా వారాలు పట్టినా ఆగడమే మేలు. సర్రా జోరీగల ద్వారా వస్తుంది, మా కుంట దగ్గర జోరీగలు ఉన్నాయి. రెండింటికీ లేదని వచ్చింది. గుర్రాల పాక కుంటకు దూరంగా, గాలి తగిలే మెరక మీద వేశాం.

నేపియర్ గుర్రాలకు ముఖ్య మేతగా పెట్టం. అందులో ఆక్సలేట్ ఎక్కువ, అది కాల్షియాన్ని పట్టేస్తుంది. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయి. గుర్రానికి ఆ సౌకర్యం లేదు. నెలల తరబడి అదే పెడితే ఎముకల్లోంచి కాల్షియం పోయి మొహం ఎముకలు ఉబ్బుతాయి, కుంటుతుంది. అంజన్‌కూ ఇదే గుణం. కాబట్టి గుర్రాలకు గరిక, చెంగలి, వేరుశనగ కట్టె (కాయ కోశాక మిగిలే ఎండు తీగ). కట్టెలో బూజు వాసన ఉంటే ఎంత చవకైనా వెనక్కి పంపాలి. ఇంకొకటి, ఈ చుట్టుపక్కల కోళ్ల ఫారాలు ఉన్నాయి, మిగిలిన కోళ్ల దాణా పశువులకు పెట్టే అలవాటు ఉంది. దాంట్లో కలిపే మొనెన్సిన్ లాంటి మందులు గుర్రం గుండెను దెబ్బతీస్తాయి, కొద్దిగా తిన్నా చచ్చిపోతుంది. ఆ బస్తా మా గేటు దాటి లోపలికి రాకూడదని పనివాళ్లందరికీ చెప్పాం.

ఆవుల విషయంలో మా మండలంలోనే చింతలదేవి ఉండడం అదృష్టం. అక్కడి జాతీయ కామధేను కేంద్రంలో ఒంగోలు మందను చూసి వచ్చాం. ఎత్తు, మూపురం, గంగడోలు ఎలా ఉండాలో కంటికి అలవాటైతే సంతలో మోసపోం. ఆరింటినీ ఒకేసారి తేవడం లేదు. స్టైలో, అంజన్ తొలి ఏడాది గింజ రాలే దాకా మేపకూడదు. నేపియర్ పిలకలు ఇప్పుడే నాటాం, మొదటి కోత సంక్రాంతి దాటాకే. అందుకని సంక్రాంతికి రెండు చూడి ఆవులు, మిగతా నాలుగు వచ్చే ఏడాది.

వాటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. డొంక వెంట ఊరి పశువులు రోజూ మా కంచెను రాసుకుంటూ పోతాయి. గాలికుంటు అటు వస్తే ఇటు ఆగదు. మా రెండు ఆవులకు టీకా వేయించుకుని కూర్చుంటే చాలదు. మండల పశువైద్యుడిగారిని కలిసి, ఉచితంగా వేసే గాలికుంటు టీకా ఈ విడత ఊరి పశువులన్నిటికీ ఒకే వారంలో వేయిద్దామని అడిగాం. పశువులను తోలుకొచ్చి నిలబెట్టడానికి ఒక ట్రెవిస్ (పశువును కదలకుండా నిలిపే చట్రం), కాస్త నీడ కావాలన్నారు. డొంక పక్కన మా గేటు దగ్గర మిగిలిన సరుగుడు వాసాలతో ట్రెవిస్ కట్టిస్తున్నాం, సోమవారానికి పూర్తవుతుంది.